స్వల్పవ్యయముతో గృహశోభ

గృహాలంకరణమనగానే ధనవ్యయము స్ఫురించుట సహజము. గత సంక్రాంతికి ముందు మా యింటి గోడలు మాసియుండగా, అప్పుచేసియైనను రంగులు వేయింతుమా యని మేమును తలపోసితిమి. తుదకు సున్నమే మమ్ము గట్టెక్కించినది.

ఇనుపతొట్టిలో నీరు పోసి, కాల్చిన గుల్లసున్నమును కొంచెము కొంచెముగా వేయవలెను. అల్యూమినియపు పాత్ర పనికిరాదు. సున్నము సలసల మరగును గనుక పిల్లలను దరిజేరనీయరాదు, కన్నులను కాపాడుకొనవలెను. మరునాడు వడగట్టి, తుమ్మజిగురు, చిటికెడు నీలిమందు కలుపవలెను. గోడను తడిపి, పలుచగా రెండుమూడు పూతలు వేయవలెను. చిక్కని పూత పెచ్చులూడును. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి పూత క్రమముగా గట్టిపడును. నూనెరంగు వేసిన గోడకు మాత్రము ఇది నిలువదు.

మా అమ్మగారి మంగళగిరి నేతచీర కొంగు చిరిగి పెట్టెలో పడియుండెను. చీర వెడల్పు కిటికీ ఎత్తునకు సరిపోయినది. పై అంచును మడిచి త్రాడు దూర్చితిమి; క్రింది అంచు సొగసుగా నిలిచినది. మిగిలిన గుడ్డ అమ్మాయికి పరికిణీ యైనది.

పండుగకు వచ్చిన బంధువులు ఆ తెర యెక్కడ కొంటిరని అడిగిరి. అమ్మగారు బదులు చెప్పక, మనుమరాలి పరికిణీ అంచును సవరించుచు నవ్వుకొనిరి. ఆ పండుగకు మేము ఎవరికిని బాకీపడలేదు.