రామనగరములో పదకొండు నెలలు



అమెరికా దేశము ఇంగ్లండు ఏలుబడినుండి విడివడిన కథ మీలో పలువురు చదివియే యుందురు. వాషింగ్టను పేరు, జెఫర్సను పేరు, 1776వ సంవత్సరము జూలై 4వ తేదీ, ఇవన్నియు బడిపుస్తకములలో నున్నవి. నేడు నేను మాటాడదలచినది ఆ మహాపురుషులను గూర్చి కాదు. ఆ కాలమున బోస్టను పట్టణములో చెప్పులు కుట్టి బ్రదికినవాడు, పల్లెలో సేద్యము చేసికొన్నవాడు, వారి యిండ్లలోని ఆడవారు ఆ పోరాటమును ఎట్లు అనుభవించిరన్నది నా ప్రశ్న. ఈ ప్రశ్న నాకు గ్రంథములవలన పుట్టినది కాదు. గుణదలలో మా యింటి వసారాలో కూర్చుండి మా పెద్దనాయనమ్మ చెప్పిన చీరాల పేరాల సంగతులు వినుటచేత పుట్టినది. కాబట్టి మొదట అమెరికాకు పోయి, అచ్చటినుండి చీరాలకు వచ్చెదను. ఆ దారి మీరనుకొన్నంత దూరము కాదు.

ఏలయన, ఉభయత్రా ఉన్నది ఒకే కంపెనీ. 1759లో కర్నల్ ఫోర్డు మచిలీపట్నము కోటను ఫ్రెంచివారినుండి గైకొనుటతో మన తీరమున గట్టిగా కాలూనిన ఈస్టిండియా కంపెనీ, 1773 నాటికి అప్పులలో మునిగియుండెను. చీనానుండి తెచ్చిన తేయాకు లండను గిడ్డంగులలో అమ్ముడుపోక కుప్పలు పడియుండెను. ఆ సరకును నేరుగా అమెరికా వలసలలో అమ్ముకొనుటకు ఇంగ్లండు పార్లమెంటు చట్టము చేసియిచ్చి, తేయాకుమీది సుంకమును మాత్రము అట్లే ఉంచెను. ఆ పార్లమెంటులో అమెరికావారి ప్రతినిధి ఒక్కడును లేడు. మేము పంపని సభ మాపై పన్ను వేయుట యేమని వారి వాదము. 1773 డిసెంబరు 16వ తేదీ రాత్రి బోస్టను రేవులో 342 పెట్టెల తేయాకు సముద్రము పాలయ్యెను. ఆ పని చేసినవారిలో జార్జి హ్యూస్ అను చెప్పులు కుట్టువాడొకడు. వృద్ధుడైన తరువాతనే లోకము అతని పేరు విన్నది.

మరి శిక్ష ఎవరికి పడెను? 1774 జూన్ 1న బోస్టను రేవు మూసివేసిరి. వర్తకుడు కొంతకాలము నిలువ ధనముతో గడుపుకొనగలడు. ఓడలలో మూటలు మోయువాడు, తాళ్లు పేనువాడు, చేపలమ్ము స్త్రీ, వీరికి రేవు మూతపడిన మరునాడే పొయ్యి మూతపడెను. ఇతర వలసలవారు బియ్యమును, గొఱ్ఱెలను పంపి ఆదుకొనిరి. ఇంగ్లీషు బట్ట కొనమని పట్టుబట్టిన దినములలో ఆడవారు గుంపులుగా కూడి రాట్నములు వడికిరి. మన దేశమున రాట్నము ఉద్యమమగుటకు నూటయేబది యేండ్లకు మునుపటి మాట యిది. తేయాకు త్రాగినవానిని ఇరుగుపొరుగువారే వీధిలో నిలదీసిరి. రాజపక్షమువాడని అనుమానము కలిగినచో ఒంటికి తారు పూసి ఈకలద్దిన సందర్భములును కలవు. పోరాటమనిన వెంటనే మనకు తెల్లదొరయు తుపాకియు మనసునకు వచ్చును గాని, సామాన్యుని యింటిలో దాని మొదటి రూపము పక్కయింటివాని చూపు.

యుద్ధము వచ్చిన తరువాతి మాట పొడిగా చెప్పెదను. జోసెఫ్ మార్టిన్ అను కుఱ్ఱవాడు 1776లో 15 యేండ్ల వయసున సైన్యములో చేరి, 1830లో తన అనుభవములను అచ్చువేయించెను. అందులో గెలిచిన యుద్ధములకంటె తినని పూటలు, చెప్పులు లేని కాళ్లు ఎక్కువ. కాంగ్రెసు అచ్చువేసిన కాగితపు నాణెము 1781 నాటికి చిత్తుకాగితమయ్యెను. రాజపక్షమున నిలిచినవారు సుమారు 60,000 మంది ఇల్లువాకిళ్లు విడిచి కెనడాకును ఇతర సీమలకును పోయిరి. స్వేచ్ఛ, స్వేచ్ఛ అని పలికిన నోళ్లే నీగ్రో బానిసల మెడలోని కాడిని తీయలేదు. గెలిచిన తరువాత మూడేండ్లకే, 1786లో, మసాచుసెట్సు రైతులు తమ సొంత ప్రభుత్వము వేసిన పన్నులు కట్టలేక డానియల్ షేస్ అను మాజీ సైనికుని వెంట తిరుగబడిరి. విజయోత్సవములలో ఈ సంగతి సాధారణముగా చెప్పరు.

1781 అక్టోబరు 19న యార్కుటౌనులో ఓడి సైన్యమును అప్పగించిన ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిసు. అచ్చట ఓడినవానినే 1786లో మనకు గవర్నరు జనరలుగా పంపిరి. అతని కాలముననే, 1788లో, గుంటూరు సర్కారు నిజామునుండి కంపెనీ చేతికి వచ్చెను. దారి దూరము కాదంటిని గదా!

ఇక చీరాల. నేడది బాపట్ల జిల్లాలో నున్నది. అప్పుడు గుంటూరు జిల్లా. చీరాల, పేరాల గ్రామములు రెండును కలిసి 15,000 జనాభా; అందులో నేతపనివారు పెక్కుమంది. 1919లో మద్రాసు ప్రభుత్వము ఈ గ్రామములను పురపాలక సంఘముగా మార్ప నిశ్చయించెను. అంతవరకు ఏటికి సుమారు 4,000 రూపాయలుండిన పన్ను ఒక్కపెట్టున దాదాపు పదిరెట్లగునట్లు కనబడెను. మాకు మునిసిపాలిటీ వలదని ప్రజలు మొరపెట్టుకొనిరి. విన్నవారు లేరు. పన్ను కట్టమనిరి. 1921 జనవరిలో పండ్రెండుగురిని చెరసాలకు పంపిరి. వారిలో ఒక స్త్రీయు కలదు. ఇచ్చట ఒక మాట గమనింపవలెను. అప్పటికి మద్రాసులో స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రి చేతిలోనే యుండెను. బోస్టనువారికి సభలో ప్రతినిధి లేడు. చీరాలవారికి మనవాడే మంత్రి. అయినను మొర వినబడలేదు. ప్రతినిధి ఉండుట వేరు, వినబడుట వేరు అని నాకు తోచును.

ఈ ప్రజలకు నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. అప్పటి కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలున 1889లో పుట్టి, ఎడింబరోలో చదివి వచ్చినవాడు. ఆయన కూర్చిన రామదండు సేవకులే 1921 మార్చి నెలాఖరున బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశమున జనసమ్మర్దమును అదుపుచేసిరి. మా తాతగారు గుణదలనుండి ఏలూరు కాలువ గట్టున నడచిపోయి గాంధీ మహాత్ముని దూరమునుండి చూచి వచ్చిరట. "ఆయనను చూచినదానికంటె నన్ను వెనుకకు నెట్టిన రామదండు పిల్లవాని చేయి నాకెక్కువ గుర్తు" అని నవ్వెడివారు. అచ్చటినుండి మహాత్ముడు ఏప్రిల్ 6న చీరాలకు పోయి రెండు దారులు చూపెను. పన్ను నిరాకరించి, వచ్చిన కష్టమును శాంతముతో భరించుట ఒకటి. ఊరే విడిచి మునిసిపాలిటీ హద్దు దాటి పోవుట రెండవది. మనుష్యులే లేనిచోట మునిసిపాలిటీ యెక్కడిది? గోపాలకృష్ణయ్యగారు రెండవ దారి పట్టించిరి. 15,000లో సుమారు 13,000 మంది లేచిపోయిరి. ఊరి వెలుపల పాకలు వేసికొని దానికి రామనగరమని పేరు పెట్టిరి.

13,000 అని చెప్పుట సులభము. మా పెద్దనాయనమ్మకు అంకెలు తెలియవు. ఆమెకు తెలిసినది ఒక మగ్గము. అప్పుడామెకు పదునారేండ్లు, పేరాలలో కాపురము. ఆమె చెప్పెడిది: "సామాను బండిమీద వేసికొని పోవచ్చును నాయనా, మగ్గపు గుంటను ఏ బండిమీద వేసెదము?" అచ్చు, నాడె, కండెలు మూటకట్టిరి. సగము నేసిన పడుగును కోసి తీయవలసివచ్చెను. ఆ బట్ట ఎవరును కొనలేదు. రామనగరములో కొత్త గుంట త్రవ్విన, ఇసుక నేల అగుటచే గోడలు జారి పడెడివి. తాటిమొద్దులు నిలిపి ఆపిరి. వీధిలో పడుగు చాచి గంజి పెట్టుకొనుటకు చెట్టునీడ లేదు. ఎండకు గంజి తొందరగా ఆరి పోగులు పెళుసై తెగెడివి. వానలు వచ్చినపుడు గుంటలో నీరు నిలిచెను. దినమునకు నేయు బట్ట సగమాయెను, కూలి సగమాయెను. రాత్రులందు భజనలు, ఉపన్యాసములు. "ఆ రాత్రులలో ఆకలి తెలిసెడిది కాదు, తెల్లవారిన తరువాత తెలిసెడిది" అని ఆమె మాట.

ఇంతకంటె ఆమెను బాధించినది వేరొకటి కలదు. ఆమె మరిది ఊరు విడువలేదు. రెండిండ్లకును నడుమ ఒకటే గోడ. తోడికోడలికి నెలలు నిండియుండెను. పురిటి మనిషిని ఇసుకలో పాకకు ఎట్లు తీసికొనిపోవుదునని అతడు నిలిచిపోయి, పన్ను కట్టెను. రామనగరమువారు అతనిని సర్కారు మనిషి యనిరి. నిప్పు, నీరు, మాట, అన్నియు బందు. బిడ్డ పుట్టినాడని కబురు తెలిసినను మా పెద్దనాయనమ్మను భర్త పోనీయలేదు. ఆమెయు పట్టుబట్టలేదు. పట్టుబట్టలేదన్న మాటను ఆమె ప్రతిసారియు తప్పక చెప్పెడిది. ఇప్పుడాలోచించిన, ఊరువిడిచినవారిది ఒప్పే, ఆ మరిదిదియు తప్పని చెప్పుటకు నాకు నోరు రాదు. కెనడాకు పోయిన ఆ అరువదివేలలోను ఇట్టి మరదులు ఎందరుండిరో!

గోపాలకృష్ణయ్యగారు రామనగరమునకు ధనసహాయము కూర్ప బరంపురమునకు పోగా అచ్చట పట్టుకొని ఏడాది శిక్ష వేసిరి. నాయకుడు లేని శిబిరము మఱికొన్ని నెలలు నిలిచెను. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తరువాత మహాత్ముడు శాసనోల్లంఘనమును ఆపివేసెను. పదకొండు నెలలు గడచిన పిదప జనులు తిరిగి తమ యిండ్లకు వచ్చి, వలదన్న ఆ మునిసిపాలిటీకే లోబడిరి. గోపాలకృష్ణయ్యగారు క్షయరోగపీడితులై 1928లో, నలుబది యేండ్లయినను నిండకయే, గతించిరి.

దీనిని గెలుపని వ్రాసినవారిని చదివితిని. నేనట్లనను. అమెరికావారికి తుపాకులుండెను, ఫ్రెంచిరాజు నౌకాదళము తోడు వచ్చెను. చీరాలవారికి తాటాకు పాకలు మాత్రముండెను. వారు ఓడిరి. నాయకుడు అమాయకులను ఇసుకలోనికి ఈడ్చెనని అనువారిని కూడ వింటిని. దానికి జవాబు నేను చెప్పవలసిన పని లేదు. ఒకనాడు నేనే ఆమెను అడిగితిని: "అమ్మా, మిమ్ములను ఊరు విడిపించిన ఆయనమీద నీకు కోపము రాలేదా?" ఆమె చాల సేపు వత్తులు చేసికొనుచు కూర్చుండి, "ఆయన మాతోనే పాకలో పడుకొన్నాడు గదరా" అనెను.

తిరిగి వచ్చిన దినమున ఇంటి తలుపు తీయగా మగ్గపు గుంటలో గడ్డి మొలిచి యుండెనట. భర్త ఆ గడ్డి పెరుకుచుండగా ఆమె గోడకు ఆవలి యింటికి పోయెను. తోడికోడలు ఏమియు అనక, బిడ్డను తెచ్చి ఆమె చేతిలో పెట్టెను. వాడు కొత్త మొగము చూచి గుక్కపట్టి ఏడ్చెను. పెరిగి పెద్దవాడైన తరువాత ఆయన బెజవాడకు నూలు బేరమునకు వచ్చినపుడెల్ల గుణదలలో మా యింట దిగెడివాడు. అప్పటికి మా పెద్దనాయనమ్మ చూపు మందగించినది. అయినను, ఆయన విస్తరిలో వడ్డించుటకు మా అమ్మను గాని మరెవరిని గాని రానిచ్చెడిది కాదు.