జాబితాలో చోటు, తండా తోడు
(పెద్దపల్లిలో జరిగిన యువజన సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



 ముందు వరుసల్లో కూర్చున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా ప్రేమ. ఈ నాలుగు మాటలు ముఖ్యంగా మీ కోసమే.

మన వేదికల మీద ఎప్పుడూ మన భాష గురించి, తీజ్ గురించి, మన ఆటపాటల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మైదానంలో ఆడే ఆట గురించి మాట్లాడమని యువకులే అడిగారు. ఎందుకు అడిగారో మాకు తెలుసు. మన తండాల్లో ఒక పిల్లాడు ఉన్నాడు. పేరు చెప్పం, అందరూ అతని వైపు తిరిగి చూస్తే సిగ్గుపడతాడు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఆరడుగుల మూడంగుళాల ఎత్తు. వేపచెట్టుకు కొట్టిన ఇనుప రింగులో పొద్దున అయిదింటికే బంతి వేయడం మొదలుపెడతాడు. మొన్న మా దగ్గరకు వచ్చి ఒకే మాట అడిగాడు: "అన్నా, బాస్కెట్‌బాల్ ఆడి బతకొచ్చా? పైసలిచ్చి ఆడించుకునే టీమ్‌లో నన్ను తీసుకుంటారా?"

ఆ రోజు మేం సరైన జవాబు చెప్పలేకపోయాం. "కష్టపడితే ఏదైనా సాధించొచ్చు" అని భుజం తట్టి పంపించాం. అది జవాబు కాదని ఇంటికి పోయాక తెలిసింది. ఆ బాకీ ఇవాళ అందరి ముందు తీర్చుకుంటున్నాం.

ముందు నిజం చెప్పుకుందాం. ఆ దారి చాలా ఇరుకు. ప్రపంచంలో అందరూ పోవాలనుకునే లీగ్ అమెరికాలోని ఎన్‌బీఏ. అందులో 30 జట్లు. ఒక్కో జట్టు అసలు జాబితాలో 15 మంది. అంటే మొత్తం 450 చోట్లు. మన దగ్గర ఒక మండలంలోని ఇంటర్ పిల్లలందరినీ పిలిస్తే అంతకంటే ఎక్కువ మందే వస్తారేమో. ఆ 450 చోట్ల కోసం ప్రపంచమంతా పోటీ పడుతుంది.

ఆ పోటీలో మన దేశం నుంచి ముందుగా పేరు వినిపించినవాడు సత్నామ్ సింగ్. పంజాబ్‌లో బల్లో కే అనే పల్లెటూరు, రైతు కుటుంబం. తండ్రి కూడా చాలా పొడగరి. ఆయనకు ఆడే అవకాశం రాలేదు, పొలం పనిలోనే ఉండిపోయాడు. తనకు దక్కనిది కొడుకుకు దక్కాలని పిల్లాడిని లూధియానాలో బాస్కెట్‌బాల్ నేర్పేచోట చేర్పించాడు. 2010లో, పద్నాలుగేళ్ల వయసులో, సత్నామ్ అమెరికాలోని ఫ్లోరిడాకు శిక్షణకు పోయాడు. అప్పటికి ఇంగ్లిష్ సరిగా రాదు. 2015లో ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో డాలస్ మావెరిక్స్ అతన్ని 52వ ఆటగాడిగా తీసుకుంది. మొత్తం ఎంచుకునేది 60 మందినే. భారతదేశంలో పుట్టిన ఆటగాడు డ్రాఫ్ట్‌లో ఎంపిక కావడం అదే మొదటిసారి.

కథ అక్కడితో ఆపేస్తే చప్పట్లు కొట్టి ఇంటికి పోవచ్చు. కానీ మిగతాది కూడా వినాలి. పేరు పిలిచినంత మాత్రాన ఆడే చోటు దొరకదు. సత్నామ్ మావెరిక్స్‌కు అనుబంధంగా ఉన్న కింది లీగ్ జట్టులో ఆడాడు. ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేదు. తర్వాత దేశానికి తిరిగి వచ్చాడు. 2019లో డోపింగ్ పరీక్షలో దొరికి రెండేళ్ల నిషేధానికి గురయ్యాడు. ఆ తర్వాత అమెరికాలో ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వెళ్లి అక్కడ నిలబడ్డాడు. అతన్ని తప్పుపట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. ఎంపిక అనేది గడప మాత్రమే, ఇల్లు ఇంకా లోపల ఉంటుందని మీకు తెలియాలని చెబుతున్నాం. జిమ్ దగ్గరో, మెడికల్ షాపులోనో ఎవరో ఇచ్చిన పొడి, ఎవరో చెప్పిన ఇంజెక్షన్ మీ ఏళ్ల కష్టాన్ని ఒక్క పరీక్షతో తుడిచేయగలదని కూడా గుర్తుంచుకోండి.

ఇంకో ఉదాహరణ. సిమ్ భుల్లర్ కెనడాలో పుట్టిన పంజాబీ. ఏడడుగుల అయిదంగుళాల ఎత్తు. 2015 ఏప్రిల్‌లో శాక్రమెంటో కింగ్స్ జట్టు అతనికి పది రోజుల ఒప్పందం ఇచ్చింది. అవును, పది రోజులే. ఆ లీగ్‌లో అలాంటి ఒప్పందాలు ఉంటాయి. ఆ పది రోజుల్లో అతను మూడు మ్యాచ్‌లలో కనిపించాడు. భారత సంతతి ఆటగాడు ఎన్‌బీఏ మ్యాచ్ ఆడటం అదే మొదలు. పంజాబ్‌కే చెందిన ప్రిన్స్‌పాల్ సింగ్ మన దేశంలో 2017లో మొదలైన ఎన్‌బీఏ అకాడమీలో తయారయ్యాడు. 2021లో అదే కింగ్స్ జట్టు తరఫున సమ్మర్ లీగ్‌కు పోయాడు. కొత్తవాళ్లను పరీక్షించి చూసుకునే పోటీలు అవి. ఆ జట్టు కప్పు గెలిచింది. అయినా అసలు జట్టులో అతనికి చోటు రాలేదు.

తమ్ముడూ, ఇంత ఎత్తున్నవాళ్లకు, ఇంత శిక్షణ దొరికినవాళ్లకే ఆ దారి ఇరుకైతే నాకెందుకని అనుకుంటున్నావా? ఆగు. ఇప్పుడు మన ఇంటి పక్క కథ విను.

గోదావరికి ఎగువన నిజామాబాద్ జిల్లా ఉంది. అక్కడి తండా బిడ్డ గుగులోత్ సౌమ్య. ఆమెది బాస్కెట్‌బాల్ కాదు, ఫుట్‌బాల్. ఆట వేరైనా జాబితాలో చోటు కోసం పడే తిప్పలు ఒకటే. మన ఆడపిల్ల నిక్కరు వేసుకుని మైదానంలో పరుగెత్తితే నలుగురూ ఏమంటారో మనకు తెలుసు. ఆ మాటలు దాటుకునే ఆమె వయసు విభాగాల జట్ల నుంచి భారత సీనియర్ జట్టు దాకా పోయింది. 2022లో క్రొయేషియాలోని డినమో జాగ్రెబ్ క్లబ్ పరీక్షించి చూసి ఇద్దరు భారత అమ్మాయిలకు ఒప్పందం ఇచ్చింది. ఒకరు మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్, రెండోది మన సౌమ్య. యూరప్ నుంచి తిరిగి వచ్చాక ఆమె ఆట ఆగలేదు. 2024-25లో మహిళల జాతీయ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడింది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఆమెనే ఎంపిక చేశారు.

తండా నుంచి జాగ్రెబ్ దాకా ఒక్క దూకులో ఎవరూ పోలేరు. ఊరి మైదానం, జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, దేశం జట్టు, క్లబ్బు. ప్రతి మెట్టు దగ్గర ఒక జాబితా ఉంటుంది. ప్రతి జాబితాలో లెక్కపెట్టిన చోట్లే ఉంటాయి. ప్రతిచోటా కొందరు బయటే ఉండిపోతారు.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. బాస్కెట్‌బాల్ ఆడి మన దేశంలో బతకొచ్చా? లీగ్ జీతం మీదే బతికేవాళ్లు చాలా తక్కువ. క్రికెట్‌కు, కబడ్డీకి ఉన్నట్టు ఏళ్ల తరబడి నిలిచిన పెద్ద లీగ్ బాస్కెట్‌బాల్‌కు లేదు. లీగ్‌లు మొదలవుతుంటాయి, కొన్ని ఆగిపోతుంటాయి. కానీ ఆటతో ఉద్యోగం సంపాదించినవాళ్లు చాలామంది ఉన్నారు. రైల్వే, సైన్యం, పోలీసు శాఖ, ప్రభుత్వ రంగ సంస్థలు ఆటగాళ్లను ఉద్యోగంలోకి తీసుకుని తమ జట్లకు ఆడిస్తాయి. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం క్రీడా కోటా ఉంది. దానికి ఏ స్థాయిలో ఆడావో చూపే సర్టిఫికెట్ కావాలి, చదువు కూడా కావాలి. డిగ్రీ వదిలేసి బంతి పట్టుకుంటానంటే మేం ఒప్పుకోం. చదువు, ఆట రెండెడ్ల బండి. ఒక ఎద్దును విప్పేస్తే బండి కదలదు.

ఇక మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఇది చెప్పకుండా మీకు సలహాలిచ్చే హక్కు మాకు లేదు.

రెండేళ్ల కిందట మన దగ్గర ఇంకో పిల్లాడు ఉండేవాడు. అతనూ పొడగరే, అతని చెయ్యి ఇంకా చురుకు. ఎంపిక పోటీలకు పేరిచ్చాడు. బస్సు చార్జీలకు వాళ్ల యాడి పాలు అమ్మిన పైసలు ఇచ్చింది. తీరా అక్కడికి పోయాక ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ, బడి రికార్డులో ఇంకో తేదీ. వయసు తేలలేదు కాబట్టి ఆడనివ్వమన్నారు. బంతి ముట్టకుండానే తిరిగి వచ్చాడు. వాళ్లను తిట్టుకోవడం తేలికే. కానీ వయసు విభాగం పోటీల్లో వయసు చూడటం వాళ్ల పని. ఆ కాగితం ఆరు నెలల ముందే సరిచేయించడం మా పని. సంఘం పేరుతో బ్యానర్లు కట్టించాం, కండువాలు కప్పుకున్నాం, ఆ పిల్లాడి కాగితం మాత్రం చూడలేదు. ఆ తర్వాత అతను మళ్లీ ఆడలేదు. ఇప్పుడు రైస్ మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. కష్టం చేసుకుని బతకడంలో చిన్నతనం లేదు. కానీ తను ఓడిపోయాడో గెలిచాడో తెలుసుకునే అవకాశం కూడా అతనికి దక్కలేదు. ఆ బరువు మా మీద ఉంది.

అందుకే ఈసారి మాటలతో ఆగదలచుకోలేదు. పని పంచుకుందాం.

ఆడే పిల్లలకు మూడు మాటలు. ఒకటి, రింగులో బంతి వేయడం ఒక్కటే ఆట కాదు. చూసేవాళ్లు నీ పరుగు చూస్తారు, వెనక్కి వచ్చి అడ్డుకుంటావా లేదా చూస్తారు, పక్కవాడికి బంతి ఇస్తావా చూస్తారు. మన దగ్గర నువ్వే పొడగరివి. పై మెట్టు ఎక్కితే అందరూ నీ అంతవాళ్లే ఉంటారు. అక్కడ ఎత్తు పనికిరాదు, నేర్చుకున్నదే పనికొస్తుంది. ఎడమ చేత్తో ఆడటం ఇవాళే మొదలుపెట్టు. రెండు, పొద్దున గట్కనో, జొన్నరొట్టెనో, పప్పో, గుడ్డో తిని మైదానానికి పో. పొడుల జోలికి పోకు. మూడు, పేరు జాబితాలో లేకపోతే ఆ సాయంత్రం ఏడువు, తప్పులేదు. మర్నాడు పోయి ఎక్కడ తగ్గానో చెప్పండని అడుగు. ఆ మాట పుస్తకంలో రాసుకుని వచ్చే ఏడాది దాకా దాని మీద పని చెయ్యి.

యాడీలకు, బాపూలకు ఒక మాట. మీ చిన్న పిల్లలు మూడో తరగతిలో ఉంటే ఇప్పుడే కళ్లు తెరవండి. హకీంపేట క్రీడా పాఠశాలలోనూ, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతీయ క్రీడా పాఠశాలల్లోనూ నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. ఎంపికలో ఎత్తు, బరువు చూస్తారు. 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, నిలబడి ముందుకు దూకడం, పైకి ఎగరడం, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, ఒళ్లు వంచడం పెడతారు. ఇవన్నీ మన పిల్లలు చెలకల్లో రోజూ చేసేవే. నేర్పితే ఇంకా బాగా చేస్తారు. ఆడపిల్లలను కూడా పంపండి. తీజ్ బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు మన ఆడపిల్లలు నీళ్లు పోస్తారు. మొలక రాలేదని మూడో రోజే బుట్ట పారేసిన తండా ఉందా? బిడ్డ ఆటకు కూడా ఆ ఓపిక చూపించండి.

ఇక సంఘం చేసేది. ఆడే ప్రతి పిల్లాడి, పిల్ల కాగితాలను ఈ వేసవి సెలవుల్లోనే చూస్తాం: పుట్టిన తేదీ, కులం సర్టిఫికెట్, బోనఫైడ్, ఆధార్. తేడా ఉంటే వెంట తిరిగి సరిచేయిస్తాం. ఎంపిక పోటీలకు పోయేవాళ్లకు బస్సు చార్జీలు, ఒక పూట భోజనం సంఘం డబ్బుతో. ఒక పెద్ద మనిషి వెంట వస్తాడు. ఈ ఏడాది బ్యానర్లు తగ్గించి ఆ పైసలతో రెండు మంచి బంతులు, ఒక గట్టి రింగు కొంటాం. వచ్చే ఏడాది ఇదే రోజు ఇదే వేదిక మీద లెక్క చెబుతాం. చెప్పకపోతే మమ్మల్ని నిలదీయండి.

చివరగా ఒక మాట. ఆ వేపచెట్టుకున్న ఇనుప రింగు సంగతి మీలో చాలామందికి తెలియదు. దాన్ని కొట్టింది ఈ పిల్లాడు కాదు. రెండేళ్ల కిందట బంతి ముట్టకుండా తిరిగి వచ్చిన ఆ అన్న కొట్టాడు. మిల్లు పని దిగాక అతన్ని కలిసి, సాయంత్రం ఒక గంట వచ్చి పిల్లలకు నేర్పమని అడిగాం. వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి "బంతిలో గాలి ఉందా?" అని అడిగాడు.

గాలి కొట్టించి ఉంచాం. రేపు సాయంత్రం అందరూ రండి.

రాంరాం. జై సేవాలాల్.