జపానులో హెర్నుగారి కాపురము

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరమును ఈ సభలో నేను పరీక్షాఫలితములు చదివి వినిపించుట వాడుక. ఆ పట్టిక సంచికలో వేరొక పుటయందు అచ్చగుచున్నది గనుక ఈసారి దానిని విడిచి, ఒక మనుష్యుని గూర్చి చెప్పదలచితిని. ఆయన మన దేశపువాడు కాడు. మన దేశమునకు వచ్చినవాడును కాడు. నలువదియేండ్లు నిండవచ్చిన వయస్సున జపాను దేశమందు ఓడ దిగి, అక్కడనే పెండ్లాడి, బిడ్డలను గని, ఆ దేశపు పౌరుడై, ఆ మట్టిలోనే కలిసిపోయినవాడు. పేరు లఫ్కాడియో హెర్న్. జపానువారు ఆయనను కొయిజుమి యాకుమొ అందురు. పరభాషల నడుమ సంసారము చేయుచున్న మనకు ఆయన దినచర్యయు, ఇష్టానిష్టములును తెలిసికొనదగినవని నా అభిప్రాయము.

1850 జూన్ 27వ తేదీని గ్రీసుదేశమునకు చేరువనున్న లెఫ్కాడా ద్వీపమున ఆయన జన్మించెను. అప్పుడా ద్వీపములు ఇంగ్లీషువారి రక్షణలో నుండెను. తండ్రి ఐర్లండు దేశీయుడు, సైన్యమున వైద్యుడు. తల్లి రోజా గ్రీకు వనిత. ద్వీపము పేరే బిడ్డకు పెట్టిరి. రెండేండ్ల వయస్సున తల్లీబిడ్డలు డబ్లిన్ నగరమునకు, అత్తవారింటికి చేరిరి. ఆ చలియు, ఆ భాషయు, ఆ యింటి ఆచారములును ఆమెకు సరిపడలేదు. 1854లో ఆమె స్వదేశమునకు మరలిపోయెను. బిడ్డ మరల తల్లిని చూడలేదు. తండ్రివైపు ముసలి బంధువొకతె వానిని పెంచెను. తల్లితో ముద్దుముద్దుగా పలికిన మాటలును క్రమముగా మరుగునపడెను. హెర్న్ గొప్ప ఇంగ్లీషు రచయిత అయ్యెనేగాని గ్రీకు మాటాడువాడు కాలేదు. పెద్దవాడైన పిమ్మట సోదరునకు వ్రాసిన జాబులలో, తనయందేమైన మంచి యున్నచో అది తల్లి ఇచ్చినదేయనియు, ఆమె పటమొక్కటి చేతికి దొరకుట ధనరాశికంటె మేలనియు వ్రాసికొనెను. ఆమె 1882లోనే కోర్ఫూ ద్వీపమున మరణించెను.

నడుమ కథ త్వరగా ముగింతును. పదునారవ యేట ఇంగ్లండులోని పాఠశాలలో ఆటలో దెబ్బ తగిలి ఎడమ కన్ను పోయెను. పందొమ్మిదవ యేట చేత కాసు లేక అమెరికా చేరి, సిన్సినాటిలోను, న్యూ ఆర్లియన్సులోను పత్రికలలో పనిచేసి, పిదప రెండేండ్లు మార్టినీక్ ద్వీపమున గడపి, 1890 ఏప్రిలులో యొకొహామా రేవున దిగెను. ఆ యేడు ఆగస్టు చివరను మత్సుయే అను పట్టణమున ఇంగ్లీషు ఉపాధ్యాయుడై చేరెను. నాతోటి వృత్తివాడగుటచేత ఆయనయందు నాకు కొంత పక్షపాతము కలదు, మీరు మన్నింపవలెను.

మత్సుయే ఒక పెద్ద సరస్సు ఒడ్డున నున్న పాత కోట పట్టణము. అక్కడి ప్రాతఃకాలమును ఆయన చెవులతో చూచెననవచ్చును. ఒక కంటివాడు, అందును హ్రస్వదృష్టి గలవాడు గదా. మొదట బియ్యము దంచు రోకటి చప్పుడు. తరువాత దేవాలయపు గంట. ఆపైని ముల్లంగి అమ్మువారి కేకలు. ఆ వెనుక నదీతీరమున నిలిచి ఉదయించు సూర్యునకు ప్రజలు తట్టు చప్పట్లు. కడపట వంతెనమీద కొయ్యపాదరక్షల టకటకలు. ఇవన్నియు 1894లో వెలువడిన ఆయన గ్రంథమున వర్ణింపబడియున్నవి. చదివినప్పుడు మా అమ్మమ్మగారి ఊరు నాకు జ్ఞప్తికి వచ్చెను. అక్కడను రోలు, గంట, కూరలబుట్ట, సూర్యనమస్కారము, అన్నియు నుండెను. కొయ్యపాదరక్షలు మాత్రము లేవు.

1891లో ఆయన కొయిజుమి సెత్సు అను వనితను వివాహమాడెను. వారిది పూర్వము సామురాయిలనబడు యోధుల కుటుంబము. కాలము మారి పేదరికమున పడినవారు. ఆమె ఆయనకంటె పదునెనిమిదేండ్లు చిన్నది. కోట అగడ్తప్రక్కనున్న పాత యోధుని యింట వారు కొన్ని నెలలు కాపురముండిరి. ఆ యింటి తోటలో చిన్న కొలనును, కప్పలును, వానికై వచ్చు పామును ఉండెను. పాము కప్పలను తినకుండుటకై హెర్న్ తన పళ్ళెములోని ఆహారము కొంత దానికి పెట్టెడివాడట. ఒకనాడు పిల్లలు నీటముంచి హింసించుచున్న పిల్లికూనను సెత్సు ఇంటికి తేగా, ఆయన దానిని తడితోనే తన యెదలో పొదువుకొనెను. ఇవన్నియు సెత్సు తరువాత చెప్పిన జ్ఞాపకములందు కలవు. గొప్పవారి జీవితచరిత్రలు నేను చాల చదివితిని. ఇల్లాలు చెప్పినంత నమ్మదగినవి కొద్ది.

ఆయన ఇష్టములను గూర్చి ఆమె చెప్పిన పట్టిక సొగసుగా నుండును. పడమటి దిక్కు, సూర్యాస్తమయము, వేసవి, సముద్రము, ఈత, అరటిచెట్లు, దేవదారువంటి పొడవైన వృక్షములు, నిర్జనమైన శ్మశానవాటికలు, కీటకములు, దయ్యముల కథలు, ఇవి ఆయనకు ప్రియములు. అరటిచెట్లు ఈ పట్టికలో నెట్లు చేరెనో యని మీరు నవ్వవచ్చును. మార్టినీక్ ద్వీపవాసపు ఫలమది కావచ్చును. ఆహారమున మాత్రము జపాను వేషము నిలువలేదు. బల్లపై మాంసపు ముక్కయు, ఇంగ్లీషువారి పండుగ పాయసపు ముద్దయు ఉన్నచో తృప్తి. పొగాకు గొట్టములు నూరువరకు ప్రోగుచేసెను. ఎనోషిమా తీర్థమునుండి కొనితెచ్చిన పెద్ద శంఖ మొకటి ఆయన బల్లపై నుండెడిది. పొగ త్రాగుటకు నిప్పు ఆరిపోయినప్పుడు ఆ శంఖమును పూరించి ఇంటివారిని పిలిచెడివాడు. మన యిండ్లలో నట్లు చేసినచో పూజ మొదలైనదని అందరును చేతులు కడిగికొని వత్తురు.

అయిష్టముల పట్టికయు కలదు. అబద్ధములాడువారు, బలహీనులను బాధించువారు, పొడవాటి కోటు, తెల్ల చొక్కా, న్యూయార్కు నగరము. ఇంట దుస్తులు మార్చి, నూలు యుకతా ధరించి, చదువుగదిలో కూర్చుండి ఇలకోళ్ళ పాట వినుట ఆయన పరమసుఖము. పాడు పురుగులను చిన్న పంజరములందు పెంచుట ఆ దేశపు వాడుక. వానిపై ఆయన వ్యాసములే వ్రాసెను. ఒక చిన్న పురుగు, ఇంటివారు మేత పెట్ట మరచుటచే ఆకలితో తన కాళ్ళనే తిని చనిపోయిన కథ 1902 నాటి ఆయన గ్రంథమున నున్నది. ఎనిమిదవ తరగతివారికి నేనది చెప్పినప్పుడు తరగతి నిశ్శబ్దమయ్యెను.

చూపు చాలనందున ఆయన వ్రాతబల్ల మామూలు బల్లకంటె చాల ఎత్తుగా చేయించిరి. కాగితము కంటికి అంగుళముల దూరమున నుండవలెను. ఆ బల్లయొద్దనే పుస్తకములు పుట్టినవి.

ఇక మనకు ముఖ్యమైన విషయము. ఆ యింటిలో ఏ భాష నడిచెను?

హెర్న్ జపానులో పదునాలుగేండ్లు జీవించెను. అయినను వార్తాపత్రిక చదువునంతటి జపాను భాష ఆయనకు రాలేదు. సెత్సుకు ఇంగ్లీషు రాదు. ఆమె ఒక చిన్న పుస్తకమున ఇంగ్లీషు మాటలను జపాను అక్షరములలో, చెవికి వినబడినట్లు, వ్రాసికొని వల్లించెను. తమిళ లిపిలో త్యాగరాజు కృతి వ్రాసికొని పాడువారిని మీరెరుగుదురు, అట్టిదే. చివరకు విభక్తులును, క్రియారూపములును విడిచి, మాటల ప్రక్క మాటలు పేర్చిన ఒక ఇంటిభాష వారిద్దరికి ఏర్పడెను. దానికి ‘హెర్నుగారి మాట’ యని ఇంటివారే పేరుపెట్టిరి. వేసవులందు ఆయన యాయిజు అను పల్లెలో ఒక చేపలవర్తకుని మేడపై దిగి, సముద్రమున ఈదుచు, భార్యకు జాబులు వ్రాసెడివాడు. అవి ఒకటవ తరగతి వాచకమువలె సులభమైన కతకానా అక్షరములలో, ఆ ఇంటిభాషలో నుండెను. చదివినవారికి కన్ను చెమర్చును. దంపతుల ప్రేమకు ఆ భాష చాలెను.

కాని బిడ్డ చదువునకు చాలలేదు. పెద్దకుమారుడు కజువో 1893లో పుట్టెను. వీథిలోను, తల్లియొద్దను, అమ్మమ్మయొద్దను వానికి జపాను భాష తానే వచ్చెను. తండ్రి భాష తానే రాలేదు. తండ్రి ఇంటనే యున్నాడు, ప్రపంచమెరిగిన ఇంగ్లీషు రచయిత, అయినను రాలేదు! అందుచేత హెర్న్ పాత వార్తాపత్రికలపై కుంచెతో పెద్ద పెద్ద అక్షరములు వ్రాసి, బొమ్మలు గీసి, ప్రతిదినమును, విశ్వవిద్యాలయమునకు పోవుటకు ముందే, కుమారుని కూర్చుండబెట్టి పాఠము చెప్పెను. కఠినముగానే చెప్పెను. సెలవులలో యాయిజునందును ఆ పాఠము ఆగలేదు. గ్రంథరచనకు తనకు మిగిలిన కాలమునుండియే ఆ గంటలు తీసి ఇచ్చెను. తనకు నాలుగవ యేటనే తల్లిభాష పోయినది. కుమారునకు తండ్రిభాష పోరాదని తలచెనేమో. ఇది నా ఊహ మాత్రమే. ఆ కజువో పెద్దవాడై తండ్రిని గూర్చి పుస్తకము వ్రాసెను. ఆ పాఠముల బొమ్మలు 1957లో అమెరికాలో అచ్చుపడెను.

గత జూన్ నెలలో ఒక తండ్రి నా గదికి వచ్చి, కుమారుని బదిలీపత్రము కోరెను. ఆయన సజ్జనుడు, ఈ పాఠశాలలోనే చదివినవాడు. “అయ్యా, తెలుగు ఇంట్లో ఎలాగూ మాట్లాడుకుంటాము గదా. అది బడిలో నేర్వడమెందుకు? ఇంగ్లీషు బడిలో వేస్తాను” అనెను. ఆయనకు నేను కోపముతో బదులు చెప్పలేదు. ఉద్యోగమును గూర్చిన భయము నాకును తెలియును, నాకును బిడ్డలున్నారు. కాని ఇంటిమాట యను దానిని కొంచెము చెవి యొగ్గి వినుడని కోరితిని. మన పిల్లలు సెలవు ఇచ్చుటను ‘లీవు విడుచుట’ యనుచున్నారు. అది తమిళపు నడకకు తెలుగు తొడుగు. ఇంట మాట కలదు, అక్షరము లేదు. అమ్మమ్మ పంపిన జాబు తండ్రి చదివి చెప్పవలసి వచ్చుచున్నది. హెర్న్ అంతవాని యింట తానే రాని భాష మన యిండ్లలో తానే వచ్చునని యెట్లు నమ్ముదుము? బదిలీపత్రము నేను వ్రాసియిచ్చితిని. అది నా విధి. ఆ బాలుడు మాత్రము శనివారములందు మా గ్రంథాలయమునకు వచ్చుచున్నాడు. తండ్రియే సైకిలుపై దింపిపోవుచున్నాడు.

మనకును హెర్నుకును భేదము లేకపోలేదు. ఆయన ఓడ దిగి వచ్చినవాడు. మన తాతముత్తాతలు ఈ నేలనే దున్నిరి. తమిళము మనకు పొరుగువాని భాష కాదు, బజారుది, స్నేహితులది. మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలెను. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింప యత్నించుమని రాష్ట్రములను ఆదేశించుచున్నది. హెర్నుకు అట్టి అధికరణము లేదు. పాత వార్తాపత్రికలు మాత్రముండెను.

ఆయనను నేను పూర్తిగా మెచ్చుకొనుచున్నాననుకొనవలదు. పాత జపానునందు అన్నియు అందములే ఆయనకు. కొత్త జపానునందు ఇటుకకట్టడము కనబడినచో చాలు, విసుగు. ఆ పాత యోధకుటుంబములు ఎట్టి బీదతనమున పడెనో ఆయన యింటిలోనే సాక్ష్యముండెను గదా. టోక్యోలో నివాసమునకు చేరువనున్న దేవాలయమున మూడు పెద్ద వృక్షములు కొట్టివేయగా ఆయన ఇంటివారు మరణించినట్లు దుఃఖించెను. కాని బిడ్డల కొరకు చేయవలసినది చేసెను. 1896లో జపాను పౌరుడయ్యెను. భార్యాబిడ్డలకు తన ఆస్తి నిర్వివాదముగా దక్కుటకై అట్లు చేసెను. యాకుమొ యనగా ఎనిమిది మేఘములు. మత్సుయే ఉన్న ఇజుమొ సీమకు ప్రాచీన కవితయందు చెల్లు మాట. 1903లో టోక్యో విశ్వవిద్యాలయమున ఆయన కొలువు ముగిసెను. విద్యార్థులు వలదని మొరపెట్టిరి. మరు సంవత్సరము వసేడాలో చేరి, 1904 సెప్టెంబరు 26న గుండెజబ్బుతో మరణించెను. అప్పటికి యేబదినాలుగేండ్లు.

కథలను గూర్చి చెప్పి ముగింతును. ఆయనకు కీర్తి తెచ్చిన ‘క్వైదన్’ 1904లో వెలువడెను. అందలి దయ్యముల కథలు చాలవరకు ఆయన చదువలేని పాత జపాను పుస్తకములలోనివి. సెత్సు వానిని వెదకి తెచ్చి, చదివి, రాత్రులు దీపము తగ్గించి ఆయనకు చెప్పెడిది. పుస్తకము చూచి చదువవలదనియు, ఆమె మాటలలో, ఆమె మనస్సులో నున్నట్లే చెప్పవలెననియు ఆయన కోరెడివాడు. చెవులు పోగొట్టుకొన్న అంధగాయకుని కథ వ్రాయు దినములలో, చీకటిపడినను దీపము వెలిగింపక ఆయన కూర్చుండగా, ఆమె ప్రక్కగదినుండి ఆ గాయకుని పేర పిలిచెనట. ఆయన తానే ఆ గ్రుడ్డివాడై లోపలినుండి బదులు పలికెను.

తల్లులారా, మీలో చాలమందికి ఇట్టి కథలు వచ్చును. పేదరాశి పెద్దమ్మయు, మఱ్ఱిచెట్టు దయ్యమును ఈ పట్టణమున ఎక్కడకును పోలేదు. వచ్చు నెల మొదటి శనివారమునుండి మధ్యాహ్నము మూడు గంటలకు, మూడవ తరగతి గదిలో, వారమున కొక తల్లి వచ్చి పిల్లలకు తెలుగున ఒక కథ చెప్పునట్లు ఏర్పాటు చేసితిమి. పుస్తకము తేనక్కరలేదు. మామ్మగార్లు వచ్చినను సంతోషమే. పేర్లు ఈ సాయంకాలము ద్వారముకడ నున్న మా తెలుగు పండితులవారియొద్ద వ్రాయింపుడు. మొదటి శనివారమునకు ఇంకను ఎవరును లేరు.