కోళ్లకు వేసే మందులు – మన వంటింటి జాగ్రత్తలు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన 1982 డిసెంబరు 17ను మనం ఏటా జరుపుకుంటున్నాం. ఏటా డి.ఏ. బకాయిల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు "మీరు పశువైద్యులు కదా, ఆరోగ్యం మీద ఓ పావుగంట చెప్పండి" అన్నారు. బి.పి., షుగరు గురించి చెప్పడానికి డాక్టర్లున్నారు. నేను ఆదివారం కోడికూర గురించి చెబుతాను. కంగారు పడకండి, మానేయమని మాత్రం అనను.

ముందుగా ఒక అపోహ. బ్రాయిలరు కోడికి హార్మోను ఇంజెక్షన్లు పొడిచి పెంచుతారని టీకొట్ల దగ్గర గట్టిగా చెబుతుంటారు. అది నిజం కాదు. వేల కోళ్లున్న షెడ్డులో ఒక్కొక్కదాన్నీ పట్టుకుని రోజూ సూది వేయడం గిట్టుబాటయ్యే పనే కాదు. అయిదారు వారాలకే రెండు కిలోలు తూగుతోందంటే, తరతరాలుగా త్వరగా పెరిగే జాతులను ఎంచి సంకరం చేయడం వల్ల, మేత వల్ల. అసలు అడగవలసిన ప్రశ్న హార్మోన్ల గురించి కాదు, యాంటీబయాటిక్కుల గురించి.

ఈ కథలో మన తెలుగువాడొకరున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధనలకు సారథ్యం వహించారు. ఆ ప్రయోగశాలలోనే డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ కనుగొన్నాడు. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. తరువాత అదే కంపెనీలో జూక్స్, స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు, మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపి చూశారు. అందులోని విటమిను కోసం మేపితే, అనుకున్నదానికంటే ఎక్కువ బరువు పెరిగాయి. కారణం ఆ పిప్పిలో మిగిలిన మందేనని 1950లో ప్రకటించారు. రోగం లేకపోయినా మేతలో కాస్త మందు కలిపే అలవాటుకు మూలం ఇది. మనుషుల ప్రాణాలు నిలిపిన మందు మేతలో దినుసైపోవడం సుబ్బారావుగారు చూడలేదు.

కొద్ది మోతాదులో రోజూ మందు పడితే బలహీనమైన సూక్ష్మజీవులు చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పిల్లలు పెడతాయి. అంతటితో ఆగదు. తట్టుకునే గుణాన్ని పక్కనున్న వేరే జాతి సూక్ష్మజీవికి కూడా అందిస్తాయి, తాళంచెవికి నకలు చేయించి పొరుగువాడికి ఇచ్చినట్లు. కొలిస్టిన్ అనే మందును తట్టుకునే అటువంటి జన్యువు చైనాలో పందుల్లో, మాంసంలో, ఆసుపత్రి రోగుల్లో కూడా ఉన్నట్లు 2015లో బయటపడింది. మన కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో పశువులకు, కోళ్లకు, చేపలకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. పెరుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్కులు కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006 నుండే పూర్తిగా ఆపేసింది.

ఈ కొలిస్టిన్ పేరు ఉద్దానం వాళ్లం గుర్తుపెట్టుకోవాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. కోడికూర వల్ల వచ్చిందని నేను అనడం లేదు, ఎవరైనా అంటే నమ్మకండి. నా బెంగ వేరు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది, సంతోషమే. అయితే డయాలసిస్ చేయించుకునేవారికి రక్తంలో ఇన్‌ఫెక్షను వచ్చే ప్రమాదం మామూలువారికంటే చాలా ఎక్కువ. మామూలు మందులకు సూక్ష్మజీవి లొంగకపోతే డాక్టరు చేతిలో మిగిలే కొద్ది మందుల్లో కొలిస్టిన్ ఒకటి. కిడ్నీలను దెబ్బతీస్తుందని 1970ల్లో దాదాపు పక్కన పెట్టేసిన మందు అది. వేరే దారి లేక మళ్లీ తీశారు. కిడ్నీ సగం పోయినవాడికి అది ఎక్కించాలంటే డాక్టరు ఎంత తర్జనభర్జన పడాలో ఆలోచించండి. కోళ్ల షెడ్డులో ఆ మందును వృథా చేస్తే, మన ఊళ్లో దాని నష్టం అందరికంటే ముందు వీళ్లకే.

మన తీరంలో చెరువుల రైతులకు ఈ పాఠం ముందే తెలిసింది. మందు అవశేషాలున్నాయని రొయ్యల కంటెయినర్లు తిరిగొచ్చాయి. 2016లో ఐరోపావారు మన రొయ్యల సరుకులో తనిఖీని 10 శాతం నుండి 50 శాతానికి పెంచారు. విదేశీయుడు తినే రొయ్యకున్న పరీక్ష కాశీబుగ్గ బజారులో కోసే కోడికి ఎందుకు లేదని నేను అడుగుతున్నాను. సంఘం తరఫున ఆహార భద్రత అధికారులకు ఒక అర్జీ పెట్టవచ్చు. అర్జీలు రాయడంలో మనకు అనుభవం తక్కువేమీ కాదు.

మన పిల్లల్లో ఎవరైనా షెడ్డు వేసుంటే వారికి ఒక మాట. కొక్కెర తెగులు వైరసు వల్ల వచ్చేది, దానికి యాంటీబయాటిక్కు పనిచేయదు, వేళకు లసోటా చుక్కలు వేయించాలి. లిట్టరు పొడిగా ఉంచి, గాలి ఆడనిస్తే సగం జబ్బులు రావు. జబ్బు చేసి మందు వాడవలసి వస్తే, దానిమీద రాసిన గడువు రోజులు పూర్తయ్యాకే కోడిని అమ్మాలి.

ఇక వంటింట్లోకి వద్దాం. మందు అవశేషం వేరు, సూక్ష్మజీవి వేరు. కొన్ని మందుల అవశేషాలు ఉడికించినా పూర్తిగా పోవు. అది రైతు దగ్గరే ఆగాలి. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు మాత్రం, మొండివైనా సరే, బాగా ఉడికితే చస్తాయి. ముక్క లోపల వేడి 74 డిగ్రీలు దాటాలి. ఎముక దగ్గర ఎర్రటి రసం కనిపిస్తే ఇంకాసేపు ఉంచండి. నాటుకోడికి ఈ భయం లేదనుకోవద్దు, సాల్మొనెల్లా దానిలోనూ ఉంటుంది.

చాలా ఇళ్లలో ప్రమాదం కూరలో ఉండదు, కత్తిపీట దగ్గర ఉంటుంది. పచ్చి మాంసం కోసిన పీటమీదే ఉల్లిపాయ, కొత్తిమీర తరుగుతారు. వాటిని ఉడికించం కదా! కొళాయి కింద ధారగా కడిగితే తుంపరలు చుట్టూ గిన్నెల మీద పడతాయి. అసలు కడగనక్కరలేదని విదేశీ డాక్టర్లంటారు. ఉప్పు, పసుపు వేసి కడగనిదే మన ఆడవాళ్లు ఒప్పుకోరు, నేనూ ఆ తగవులోకి దిగను. గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, తరువాత పీట, కత్తి, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. మిగిలిన కూర రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. వెచ్చటి కూరలో ఒక్క సూక్ష్మజీవి ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపైతే ఏడు గంటల్లో ఇరవై లక్షలు దాటుతుంది.

చివరగా, విరేచనాలు పట్టుకోగానే మందుల షాపుకెళ్లి యాంటీబయాటిక్కు రెండు బిళ్లలు కొనుక్కుని మింగకండి. ముందు ఓ.ఆర్.ఎస్. కలిపి తాగండి. కిడ్నీ జబ్బున్నవారు ఎంత నీరు తాగాలో డాక్టరును అడిగి తాగాలి. తగ్గకపోయినా, జ్వరం వచ్చినా, రక్తం పడినా ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు క్రియాటినిన్ రిపోర్టు వెంట తీసుకెళ్లి, డాక్టరు మందు రాయకముందే చూపించండి.