నల్లగొండ బీఏ నుంచి ఆంత్రోపాలజీకి

నల్లగొండల బీఏ చదివిన. మా కాలేజీల హిస్టరీ, పాలిటిక్స్ ఉన్నయ్, ఆంత్రోపాలజీ లేదు. అయినా పర్వాలేదు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల ఎంఏ ఆంత్రోపాలజీకి వేరే సబ్జెక్టుల డిగ్రీ ఉన్నోళ్లు కూడా సీయూఈటీ పీజీ రాయొచ్చు.

"గది చదివితే ఏమొస్తది బిడ్డా?" అని నాయిన అడిగిండు. అమ్రాబాద్ చెంచుల ముచ్చట చెప్పిన. హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా ఆయన వాళ్ల పెంటలల్ల ఉండి రాసిన పుస్తకం 1943ల లండన్‌ల అచ్చయింది. అడవేమో మన పాలమూరుది, చదివిందేమో వాళ్లు! చెంచులు మాట్లాడేది తెలుగే. ఇయ్యాల పులుల రిజర్వు కోసం పెంటలు ఖాళీ చేయమంటుంటే, వాళ్లతోని కూసొని, వాళ్ల మాట విని రాసేటోళ్లు మనలకెల్లి ఎంతమంది ఉన్నరు?

నాయిన ఇంకా పూర్తిగ ఒప్పుకోలే. ఫారం మాత్రం నింపిన.