ఫైటరు చేపకు తగిన పొరుగు

చెరువులలో చేపలను పెంచుట మన ప్రాంతమునకు కొత్త కాదు. ఇంటిలో గాజుతొట్టి అమర్చి అందముకొరకు పెంచుట మాత్రము పట్టణములలో క్రమముగా వ్యాపించిన అలవాటు. గుంటూరులోనైనను, ఒంగోలులోనైనను రంగుచేపల దుకాణమునకు పోయిన పిల్లల చూపు మొదట పడునది చిన్న సీసాలో ఒంటరిగా తిరుగుచున్న ఒక చేపమీద. విసనకఱ్ఱవలె విప్పారిన తోక, నెమలికంఠపు నీలము, మిరపపండు ఎరుపు దాని సొత్తు. దుకాణదారులు దానిని ఫైటరు అందురు. శాస్త్రజ్ఞులు బెట్టా అందురు. దానిని ఇంటికి తెచ్చిన మరునాడే పిల్లలు, "పాపము, అది ఒక్కతే ఉన్నది నాన్నా, దానికి తోడు తెత్తము" అందురు. ఆ తోడు ఎట్టిదై ఉండవలెను, అసలు తోడు అవసరమా అనునది నేటి ప్రసంగ విషయము.

ఈ చేప పుట్టిల్లు సయాము దేశము, అనగా నేటి థాయిలాండు. అచ్చటి వరిమళ్లలోను, గడ్డి మొలచిన లోతులేని కాలువలలోను ఇది నివసించును. దీనికి బెట్టా స్ప్లెండెన్స్ అను శాస్త్రీయనామమును 1910లో చార్లెస్ టేట్ రీగన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు పెట్టెను. 2019లో థాయి ప్రభుత్వము దీనిని తమ జాతీయ జలచరముగా ప్రకటించెను. మనుష్యుడు దీనిని మచ్చికచేసి కనీసము వెయ్యేండ్లయినదని 2022లో వెలువడిన జన్యుపరిశోధన తెలుపుచున్నది. మచ్చికచేసినవారు దీనిని చిరకాలము పందెములకొరకు పెంచిరి. పల్నాటి వీరగాథలో ఒక కోడిపందెము ఎంతటి కలహమునకు దారితీసినదో మన ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. మనవారు పుంజులను ఏరి పెంచినట్లే సయామువారు ఈ చేపలను ఏరి పెంచిరి. కావున దాని కోపములో ఎంతో భాగము తరతరములుగా మనుష్యుడు పెంచి పోషించినదే.

వరిమడిలో రెండు మగచేపలు ఎదురుపడినప్పుడు ఓడినది గడ్డిదుబ్బు చాటునకు పారిపోవును. అంతటితో పోరు ముగియును. గాజుతొట్టిలో అట్లు పారిపోవుటకు చోటు లేదు. ఈ సంగతి మనసున ఉంచుకొన్నచో తోడును ఎన్నుకొనుట సులభమగును. తేబోవు చేప సాధువా కాదా అని చూచిన చాలదు. మన నీరు దానికి పడునా, మన ఎండకు అది నిలుచునా, తరిమినప్పుడు దానికి దాగుచోటు కలదా అని కూడ చూడవలెను.

మొదట నీటి సంగతి. గుంటూరు, ఒంగోలు ప్రాంతములలో కాలువనీరు తాగు ఊళ్లు కలవు, బోరునీటిమీద ఆధారపడిన ఊళ్లును కలవు. బోరునీరు చాలచోట్ల కఠినజలము. సబ్బు నురగ రాకున్నను, నీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుచున్నను అది కఠినజలమని గుర్తు. దుకాణములలో మెరయు నియాన్ టెట్రా వంటి చేపల స్వస్థలము దక్షిణ అమెరికాలోని మెత్తని నీరు. కఠినజలములో అవి క్రమముగా చిక్కిపోవును. అట్టి నీరున్నవారికి పొట్టి తోకగల ప్లేటీ చేపలు నయము. కఠినజలము వానికి హితవే. నత్తలకు సైతము గుల్ల కట్టుకొనుటకు సున్నపు అంశముగల నీరే మేలు. కాలువనీరు మెత్తగా ఉన్నచోట కోరిడోరాస్ అను చిన్న మీసాల చేపలు, హార్లెక్విన్ రస్బోరాలు పొసగును. క్యానులలో వచ్చు శుద్ధిచేసిన నీటిని మాత్రమే పోయుట మంచిది కాదు. అందులో చేపకు కావలసిన లవణములు బహు స్వల్పము.

రెండవది ఎండ. ఫైటరు చేప తలలో గాలిని పీల్చుకొను ఒక ప్రత్యేకమైన అవయవము కలదు. మన కొరమీను, మార్పు చేపలవలె ఇదియు నీటిపైకి వచ్చి గాలి మింగగలదు. అందుచేతనే సీసాలో కూడ కొంతకాలము ప్రాణము నిలుపుకొనును. ప్రాణము నిలుపుకొనుట వేరు, సుఖముగా బ్రతుకుట వేరు. దానికి కనీసము 20 లీటర్ల నీరుండవలెను. 24 నుండి 28 డిగ్రీల వేడి దానికి హితము. మన వైశాఖ జ్యేష్ఠములలో బయటి వేడి 40 డిగ్రీలు దాటుచుండును. నీరు వేడెక్కినకొలది అందు కరిగియుండు ప్రాణవాయువు తగ్గును. 25 డిగ్రీలవద్ద లీటరు నీటిలో సుమారు 8 మిల్లీగ్రాములు కరిగియుండగా, 35 డిగ్రీలవద్ద 7కు లోబడును. ఫైటరు పైకి వచ్చి గాలి మింగి గట్టెక్కవచ్చును. పక్కనున్న రస్బోరాకు, ప్లేటీకి ఆ ఉపాయము లేదు. కావున తోడు తెచ్చినవారు గాలిపంపు పెట్టక తప్పదు. కరెంటు పోయినప్పుడు నడచుటకు బ్యాటరీ పంపు ఒకటి సిద్ధముగా ఉంచవలెను. తొట్టిని కిటికీ ఎండకు దూరముగా పెట్టి, మూత స్థానమున వల బిగించి, నీటిమీదుగా పంకా గాలి వీచునట్లు చేసినచో వేడి కొంత తగ్గును. వల తప్పనిసరి, ఈ చేప ఎగిరి బయట పడగలదు. మంచుగడ్డలను నీటిలో వేయుటయు, మిట్టమధ్యాహ్నము మేడమీది ట్యాంకులోని నీటిని పోయుటయు రెండును ప్రమాదకరములే.

మూడవది స్వభావము. ఒక తొట్టిలో రెండు మగ ఫైటర్లను ఎన్నడును ఉంచరాదు. ఆడచేపను జతకట్టించు కొద్దికాలమే మగదానితో ఉంచవలెను. గ్రుడ్లు పెట్టిన పిదప నురగగూటిని కాచు మగచేప ఆమెను తరిమి కొట్టును. గప్పీ మగచేపల పొడవైన రంగుతోకను చూచి ఫైటరు ప్రత్యర్థిగా భ్రమించుట కద్దు. గౌరామీలు దాని చుట్టములే గాని, దాయాదుల పొత్తువలె ఆ పొత్తు కుదరదు. టైగర్ బార్బులు, విడో టెట్రాలు ఫైటరు రెక్కలను కొరికి పీలికలు చేయును. మన కాలువలలోని పరిగెలు బార్బుల బంధువులే. దోమల నివారణకై 1928లో మన దేశమునకు తెచ్చిన గంబూసియాకు కూడ రెక్కలు కొరుకు గుణము కలదు. గోల్డు ఫిష్‌కు చల్లని నీరు, విశాలమైన తొట్టి కావలెను. అది నీటిని త్వరగా మలినము చేయును. అద్దములకు అంటు నాచు తినునని అమ్ము సక్కరు చేప అడుగుకు మించి పెరుగును.

ఇక తగినవి ఏవి? ఫైటరు నీటి పైభాగమున తిరుగును. కోరిడోరాస్ అడుగున మేయును. ఒకదాని త్రోవకు మరొకటి అడ్డురాదు. కోరిడోరాస్, రస్బోరా రెండును గుంపుచేపలు. ఆరింటికి తక్కువగా తెచ్చినచో బెదరి మూలలు పట్టును. కావున తోడు తేదలచినవారి తొట్టి 40 లీటర్లకు తక్కువ కారాదు. ఆరు కోరిడోరాస్, లేక ఆరు రస్బోరాలు, లేక రెండు మూడు నత్తలు. అన్నియు ఒక్కసారి కాదు. చిన్నరొయ్యలను తెచ్చినచో అవి ఫైటరుకు ఆహారమగుటకు సిద్ధపడవలెను.

తెచ్చు క్రమము కూడ ముఖ్యము. చేపల విసర్జనమునుండి పుట్టు అమ్మోనియా విషము. దానిని హానిలేని రూపమునకు మార్చు సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. పంపునీటిలోని క్లోరిను పోవుటకు నీటిని ఒక దినము తెరచిన పాత్రలో నిలువ ఉంచవలెను. కొత్త చేపలను మూడు వారములు వేరుగా ఉంచి రోగము లేదని నిశ్చయించుకొనవలెను. వీలైనచో పొరుగుచేపలను ముందు వదలి, ఫైటరును చివర వదలవలెను. ముందు వచ్చినది తొట్టి అంతయు తనదే అనుకొనును. మొక్కలు, పెంకులు పెట్టి చాటు కల్పింపవలెను. మొదటి రెండు వారములు గమనించి, తోక చినిగినను, ఏ చేపయైన మేత మానినను వెంటనే విడదీయుటకు వేరొక తొట్టి సిద్ధముగా ఉంచవలెను.

పత్తి, మిరప పండించు మనము మరువరాని జాగ్రత్త ఒకటి కలదు. చేలకు చల్లు మందులలో పైరిత్రాయిడు జాతివి చేపలకు, రొయ్యలకు అతితీవ్రమైన విషములు. చేను పక్క గుంటలోనుండి దోమపిల్లలను మేతగా పట్టి తెచ్చుట, పొలము కాలువనుండి నత్తలను, నాచును తెచ్చుట, మందు పట్టిన డబ్బాలో నీరు మోయుట, మందు కలిపిన చేతిని సరిగా కడుగకయే తొట్టిలో ముంచుట, ఇవి తొట్టి నంతటిని ఒక్క పూటలో ఖాళీ చేయగలవు. దోమల నివారణకై ఇంటిలో చల్లు మందులలోను, వెలిగించు చుట్టలలోను సాధారణముగా ఆ జాతి మందే ఉండును; వానిని తొట్టి ఉన్న గదిలో వాడరాదు.

పొసగని చేపను కాలువలోనో చెరువులోనో వదలుట పుణ్యమని కొందరు తలతురు. అట్లు తొట్లనుండి నీటివనరులకు చేరిన సక్కరు చేపనే మన జాలరులు దెయ్యపుచేప అని తిట్టుకొనుచున్నారు. అది వలలను చించి, మన చేపల మేతను హరించుచున్నది. వద్దనుకొన్న చేపను దుకాణమునకు తిరిగి ఇచ్చుటయో, పెంచగలవారికి ఇచ్చుటయో మేలు.

"దానికి తోడు తెత్తమా?" అని అడిగిన బిడ్డకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. వరిమడిలోని మగ ఫైటరు తన జానెడు చోటును తానొక్కతే ఏలుకొనును. తొట్టి చిన్నదైనను, వేసవికి గాలిపంపు పెట్టు వీలు లేకున్నను, దానిని ఒంటరిగా ఉంచుటయే దానిపట్ల దయ. రెండు మొక్కలు, శుభ్రమైన నీరు, పూటకు నాలుగు మేతగింజలు ఇచ్చినచో అది ఒంటరితనమునకు దుఃఖింపదు. తొట్టి పెద్దదై, నీరు కుదిరి, ఓపిక ఉన్నవారు మాత్రము పైన చెప్పిన పొరుగును తెచ్చి చూడవచ్చును. ఏది చేసినను ముందు నీటిని పరీక్షించి, పిదప దుకాణమునకు పోవలెనని మనవి.