కరాచీ చేరని గాలి ఓడ
(లక్కూరులో ఉపకారవేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)

 

చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అవి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు గనుక నేను ఒక ఓడ కథ చెప్తాను. నీళ్ళమీద ఓడ కాదు, గాలిలో ఓడ.

హైడ్రోజన్ గాలికంటే ఎంతో తేలిక. దాన్ని పెద్ద పెద్ద సంచుల్లో నింపి, చుట్టూ లోహపు చట్రం కట్టి, ఇంజన్లు బిగిస్తే గాలి ఓడ. 1937లో అమెరికాలో కాలిపోయిన హిండెన్‌బర్గ్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. దానికి ఏడేళ్ళ ముందే మన దేశానికని బయలుదేరిన ఓడ ఒకటుంది. దాని పేరు ఆర్ 101.

ఇంగ్లండు నుంచి స్టీమరులో రావడానికి వారాలు పట్టే రోజులవి. ఇది కొద్ది రోజుల్లోనే చేరుస్తుందని బ్రిటిషు ప్రభుత్వం ఆశ పడింది. కరాచీలో బ్రహ్మాండమైన షెడ్డు ముందే కట్టి ఉంచారు. ఓడ పొడవు 237 మీటర్లు. లోపల భోజనశాల, పడక గదులు, చివరికి పొగ తాగే గది కూడా! సంచులకు వాడింది పశువుల పేగు పొర. బంగారాన్ని రేకులుగా సాగగొట్టేవాళ్ళు వాడేదీ అదే పొర. కోలారు గనుల జిల్లావాళ్ళం గనుక ఈ మాట చెప్పాలనిపించింది.

తీరా కట్టాక చూస్తే, 60 టన్నులు మోస్తుందనుకున్నది 35 టన్నుల దగ్గరే ఆగింది. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ఖర్చు పడింది, జమ రాలేదు. అందుకని ఓడను మధ్యకు కోసి ఇంకో సంచి చేర్చారు. సంచులు చట్రానికి రాసుకుని చిల్లులు పడుతుంటే గుడ్డలు చుట్టారు.

అక్కడ మెక్‌వేడ్ అనే తనిఖీ అధికారి ఉండేవాడు. ఈ స్థితిలో అనుమతి పొడిగించమని సిఫారసు చేయలేనని 1930 జూలైలో పైకి ఉత్తరం రాశాడు. పైవాళ్ళు ఓడ కట్టినవాళ్ళనే అడిగి, వాళ్ళు ఫరవాలేదంటే ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టేశారు. అప్పు అడిగినవాడినే జామీను అడిగినట్టుంది కదండీ! నాకు ఈ కథలో అందరికంటే గౌరవం ఉన్నది ఆ మెక్‌వేడ్ మీదే.

విమానశాఖ మంత్రి లార్డ్ థామ్సన్‌కు తొందర. ఆ ఓడలోనే ఇండియాకు వెళ్ళి, లండన్‌లో జరిగే సామ్రాజ్య సమావేశం ముగిసేలోగా తిరిగి రావాలి. చివరి పరీక్షలో ఆయిల్ కూలర్ చెడిపోయి, పూర్తి వేగంతో నడిపి చూడనేలేదు. అయినా సర్టిఫికెట్ ఇచ్చేశారు. మంత్రిగారి సామానులో బరువైన పర్షియా తివాచీ కూడా ఎక్కింది.

అక్టోబరు 4 సాయంత్రం 54 మందితో బయలుదేరింది. దారంతా గాలీ వానా. రాత్రి రెండు దాటాక ఫ్రాన్సులో బోవే ఊరి దగ్గర నేలకు తగిలి మండిపోయింది. మంత్రితో సహా 48 మంది పోయారు.

విచారణ జరిపింది ఎవరనుకున్నారు? సర్ జాన్ సైమన్. 1928లో మద్రాసులో మన ప్రకాశం పంతులుగారు తుపాకులకు ఎదురు నిలిచింది ఈయన కమిషన్ వచ్చినప్పుడే. ప్రభుత్వ అవసరాల ఒత్తిడి లేకపోతే ఓడ ఆ సాయంత్రం బయలుదేరేదే కాదని ఆయన నివేదిక 1931లో తేల్చింది.

దీని తోడు ఓడ ఆర్ 100 ఒకటుండేది. అదే ఏడు కెనడాకు వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చింది. ఏ తప్పూ చేయని దాన్ని కూడా విప్పి, రోడ్డు రోలరుతో తొక్కించి, పాత ఇనుము లెక్కన అమ్మేశారు. కరాచీ షెడ్డు ఇంకా ఎన్నో ఏళ్ళు నిలబడే ఉంది. ఒక్క గాలి ఓడ కూడా అందులోకి రాలేదు.